కుంకుమ భరిణెలో మందు

కిందటి వారం మనీషాను విమానాశ్రయం సిబ్బంది గేటు దగ్గర, వెనకున్న వరుసంతా చూస్తుండగా నిలబెట్టి వదిలేశాం. ఒక ఆడపిల్లను వారం రోజులు అలా నిలబెట్టడం మర్యాద కాదు, ఒప్పుకుంటాం. అంతకంటే పెద్ద అమర్యాద చేసినవాళ్లు ఈ వారం ఆమెకు ఎదురుగా కుర్చీల్లో కూర్చోబోతున్నారు కాబట్టి, మన తప్పును కాస్త చూసీచూడనట్టు పోనివ్వండి.

ఇప్పుడే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మనీషాది కొత్వాల్‌గూడ. నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి విమానం తలుపు దాకా తోసుకెళ్లడం ఆమె ఉద్యోగం. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. మనిషిని లేపేటప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు. తన ముంజేతిని అడ్డంగా చాచి నిలబడితే, దాన్ని పట్టుకుని వాళ్లే లేవాలి. అంటే ఆమె ఉద్యోగమంతా ముంజేతుల మీదే నడుస్తుంది. సరిగ్గా ఆ ముంజేతుల మీదే, ఇంటర్ చదివే రోజుల నుంచీ సోరియాసిస్. చర్మం ఎర్రగా కంది, పైన తెల్లటి పొట్టు లేచి రాలుతుంది. అంటుకునే జబ్బు కాదు. ఈ సంగతి డాక్టర్లకు తెలుసు, మనీషాకు తెలుసు. మిగతా లోకానికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

రాజేంద్రనగర్‌లో వీరేందర్ అనే ఆయుర్వేద డాక్టరు ఆమెకు ఒక లేపనం రాసిచ్చాడు. గంజాయి ఆకు సారంతో చేసిన పూతమందు అది. ఆకులో ఉండే సీబీడీ అనే పదార్థం చర్మం మీద దురదను, మంటను తగ్గించవచ్చని చెప్పాడు. పూతమందు తలకెక్కదు, మత్తివ్వదు. గగన్‌పహాడ్‌లో ఒక చిన్న షెడ్డులో, లైసెన్సు తీసుకుని దాన్ని తయారుచేసేది ఆఫియా. అంతా సక్రమమే. చిక్కల్లా డబ్బా మూత మీద ఉన్న ఆకు బొమ్మతో వచ్చింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని, మనీషా ఆ మందును తల్లి కుంకుమ భరిణెలోకి మార్చి బ్యాగులో పెట్టుకుని తిరిగింది. గేటు దగ్గర సోదా చేసే అమ్మాయి మూత తీసింది. ఎర్రగా ఉండాల్సింది ఆకుపచ్చగా ఉంది. ఇదేందని అడిగితే, మనీషా "గంజాయాకు మందు" అని ఉన్నదున్నట్టు చెప్పింది. పాసు లాక్కున్నారు. పోలీసుల దాకా పోకుండా, ముందు మీ మనిషి సంగతి మీరే తేల్చుకోండని భరిణెను ఆమె పనిచేసే కాంట్రాక్టు కంపెనీకి అప్పగించారు. సాయంత్రానికి కొత్వాల్‌గూడలో మనీషా గంజాయి అమ్మే మనిషైపోయింది.

ఇక ఈ వారం.

విచారణకు పిలిచిన రోజు పొద్దున, రుక్కమ్మ కూతురి కోసం ముదురు నీలం డ్రెస్సు తీసి మంచం మీద పెట్టింది. మణికట్టు దాటేంత పొడుగు చేతులు దానికి. మనీషా బట్టలన్నింటికీ అవే చేతులు. టైలరుకు కూడా అలవాటైపోయి అడగకుండానే గుడ్డ ఎక్కువ తీసుకుంటాడు. మనీషా ఆ డ్రెస్సును పక్కకు నెట్టి, పెట్టె అడుగు నుంచి పొట్టి చేతుల పసుపుపచ్చ కుర్తా బయటికి లాగింది. మేనమామ కూతురు భాగ్యలక్ష్మి పెళ్లిలో పెట్టింది అది. ఇంతవరకూ మడత విప్పలేదు.

"గదెందుకే?" అంది రుక్కమ్మ.

"ఏసుకుంటందుకు."

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఆఫీసుల పెద్దోల్లుంటరు. చేతులు కనవడ్తయి."

"కనవడాలెననే ఏసుకుంటున్న."

రుక్కమ్మ ఏదో అనబోయి ఆగింది. ఇంటి మీదుగా విమానం పోతోంది. కొత్వాల్‌గూడలో తగాదాలకు ఇలాంటి విరామాలు మామూలే. చప్పుడు తగ్గాక ఎక్కడ వదిలారో అక్కడే అందుకుంటారు.

"ఊరంత ఏమంటున్నదో ఎరికేనా బిడ్డా? నిన్న బోరింగు కాడ కొండమ్మ నన్ను జూసి బిందె పక్కకు జరుపుకున్నది. చెన్నయ్య బిడ్డ గంజాయి అమ్ముతదంట అన్నది, నాకు ఇనవడేటట్టే. మీ బాపు ఉంటే ఎంత రంది పడుతుండెనో."

"బాపు ఉంటే ఆ బిందెల నీళ్లు కొండమ్మ నెత్తి మీదనే కుమ్మరిస్తుండె."

రుక్కమ్మకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపమూ వచ్చింది. ఆ రెండింటి మధ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. చెన్నయ్య పోయాక ఆ భరిణె ఖాళీగానే ఉంటోంది. బొట్టు పెట్టుకోవడం మానేసిన మనిషి దాన్ని పారేయలేక, వాడలేక, గూట్లో బోర్లించి పెట్టుకుంది. కూతురు ఆకు బొమ్మ డబ్బాతో బయల్దేరుతుంటే, ఆ భరిణె కడిగి చేతికిచ్చింది కూడా తనే.

"ఇందుల వెట్టుకో, ఎవ్వలకు కనవడదని నేనే అంటిని. నా నోట్ల మన్ను వొయ్య. నేను ఇయ్యకుంటే ఈ పరేషాన్ ఉండకపోవు" అంది.

"నువ్వేం జేసినవే? దాచుడు మనకు ఎప్పటి సందో అలవాటైంది. ఇగ చాలు." మనీషా కుర్తా తొడుక్కుంది. అద్దంలో తన ముంజేతులు తనకే కొత్తగా కనిపించాయి. పొట్టు లేదు. ఎరుపు లేదు. ఈ రెండు నెలల్లో చర్మం నున్నగా అయింది. ఇంత బాగైన చేతులను ఇన్నాళ్లూ గుడ్డ కింద ఎందుకు దాచానా అని తన మీద తనకే చిరాకేసింది.

ఆకు బొమ్మ ఉన్న ఖాళీ డబ్బాను, డాక్టరు చీటీని బ్యాగులో వేసుకుని బయల్దేరింది. దారిలో ముగ్గురు నలుగురు తల తిప్పి చూశారు. చేతులు ఊపుకుంటూ నడిచింది.

కంపెనీ ఆఫీసు శంషాబాద్ బస్టాండు ఎదురుగా, ఒక చెప్పుల దుకాణం పైన ఉంది. పాసు లేని మనిషిని విమానాశ్రయంలోకి రానివ్వరు కాబట్టి విచారణ ఇక్కడ పెట్టారు. మెట్ల దగ్గర నిలబడి మనీషా ఆఫియాకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. "లైసెన్సు తీస్కొని నేనే వస్త, వాళ్ల నోళ్లు మూపిస్త" అని నిన్న గట్టిగా చెప్పిన మనిషి. బస్సు దొరకలేదేమో అనుకుని మనీషా పైకెక్కింది.

గదిలో ఇద్దరున్నారు. మేనేజరు రాఘవేందర్ శంషాబాద్ మనిషే. చెడ్డవాడు కాదు గానీ, పై వాళ్ల నుంచి ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి మాట్లాడే రకం. పక్కన స్వరాజ్యం. కంపెనీలో సిబ్బంది వ్యవహారాలన్నీ ఆమె చేతిలో ఉంటాయి. భీమవరం నుంచి వచ్చి చాలా ఏళ్లయినా మాట మాత్రం అక్కడిదే. బల్ల మీద ప్లాస్టిక్ సంచీలో రుక్కమ్మ భరిణె. దాని పక్కన మనీషా పాసు.

మనీషా కూర్చుని రెండు ముంజేతులూ బల్ల మీద పెట్టింది. రాఘవేందర్ తన చాయ్ కప్పును కొద్దిగా వెనక్కి జరుపుకున్నాడు. ఇలాంటి జరుగుళ్లు మనీషా కంటికి చప్పున దొరుకుతాయి.

"అంటుకోదు సార్. చాయ్ తాగున్రి" అంది.

రాఘవేందర్ మొహం కందిపోయింది. "సూడు మనీషా, నీ మీద నాకు పగ లేదు. పెద్దగ చెయ్యొద్దనే పిలిచినం. ఒక కాయితం మీద రాసియ్యి. తెల్వక నిషేధం ఉన్న సరుకు తెచ్చిన, తప్పయింది, మాఫ్ చెయ్యున్రి అని. పాసు ఇప్పిస్త. గని కుర్చీల డ్యూటీ వద్దు. లగేజీ ట్రాలీల కాడ ఏస్త. ఎవ్వల్ని ముట్టుకునే పనుండదు, నీకు గూడ ఆరామ్."

"తెల్వక తేలే సార్, తెల్సే తెచ్చిన. నిషేధం ఉన్న సరుకు తేలే, మందు తెచ్చిన. తప్పయితే అసలే కాలే. మీరు చెప్పిన కాయితంల ఒక్క నిజం గూడ లేదు గదా, ఎట్ల రాయాలె?"

"గంజాయి గంజాయే. దానికి మందని పేరు వెడితే అయిపోతదా?"

"డాక్టర్ చీటీ ఉన్నది. ఇగో డబ్బ, దీని మీద లైసెన్సు నంబరున్నది. ఆకు సారంతోని మందు చేసుకోనీకె సర్కారే పర్మిషన్ ఇచ్చింది. నేను పొగ తాగలే, ఎవ్వలకు అమ్మలే. నా తోలుకు నేను పూసుకున్న."

స్వరాజ్యం డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. చీటీ చదివింది. "ఆవేశపడకండమ్మా. మందే అనుకుందాం. మందైతే మందు డబ్బాలోనే ఉండాలి కదా? కుంకుమ భరిణెలోకి ఎందుకు వచ్చింది? మాకు అనుమానం మందు మీద కాదు, దాచిన తీరు మీద."

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. గేటు దగ్గర నుంచీ మనీషాను కొరుకుతున్న ప్రశ్న కూడా అదే.

"సిగ్గుకు మేడం" అంది. "వేరే ఏం లేదు. ఈ ఆకు బొమ్మ బస్సుల ఎవ్వలన్న చూస్తే ఏమంటరో అని భయం. చేతులకు పొడుగు చేతుల బట్టలు తొడిగిన, మందుకు మా అమ్మ భరిణె తొడిగిన. దొంగతనం చేసి దాచలే మేడం. దాచినందుకు దొంగనైన. నా తప్పంటే అదొక్కటే. అది రాసియ్యమంటే ఇప్పుడే రాసిస్త, మందును దాచిన, ఇగ దాచ అని."

"ఆకుతోనే తగ్గిందంటవా?" రాఘవేందర్ వెటకారంగా అన్నాడు. "మందుల షాపుల ట్యూబులు లెవ్వా? అందరు అవ్వే పూసుకుంటరు."

ఆ మాటతో మనీషా గొంతు పెరిగింది.

"ట్యూబులా? ఇంటర్ల ఉన్నప్పటి సంది పూసిన సార్. స్టెరాయిడ్. చీటీ లేకుండనే తెచ్చుకున్న, కొత్తిమీర కట్ట తెచ్చుకున్నట్టు. పూసినన్ని దినాలు అద్దం లెక్క చేస్తది. ఆపితే పగ వట్టినట్టు రెండింతలు లేస్తది. పూసీ పూసీ తోలు ఉల్లిపొర లెక్కయింది. కుర్చీ హ్యాండిల్ రాసుకున్నా రక్తమొస్తుండె. పెద్ద దవాఖాన డాక్టరమ్మ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టింది."

"డాక్టరు చెప్పినట్టు వాడితే అదీ మందేగా?" అంది స్వరాజ్యం.

"అవును మేడం. చెప్పినట్టు వాడితే మందే. నేను నా ఇష్టమొచ్చినట్టు పూసుకున్న, నా తోలు పాడు చేసుకున్న. మళ్ల ముట్టనని మా బాపు మీద ఒట్టేసిన. ఆ ట్యూబు బ్యాగుల వెట్టుకొని మీ గేటు ఎన్నిసార్లు దాటిన్నో, ఒక్కలు అడగలే. ఈ ఆకు తెస్తే గంజాయిదాన్నైన."

"ఈ ఆకు మందు పనిచేస్తుందని రుజువుందా మరి?"

"వీరేందర్ సార్ మొదటి దినమే చెప్పిండు. ఇంకా పరిశోధనలు నడుస్తున్నయి, అందరికీ పనిచేస్తదని నేను చెప్పలేను, దురద తగ్గితే తగ్గొచ్చు అని. నాకు దురద తగ్గింది. నిద్ర వట్టింది. మళ్ల ఈ రెండు నెలల్ల పొట్టు గూడ పోయింది." మనీషా ముంజేతిని ఆమె ముందుకు జరిపింది. "నా రుజువు ఇదే మేడం. ముట్టి చూడున్రి."

స్వరాజ్యం చీటీ పక్కన పెట్టింది. తర్వాత నిజంగానే ముట్టుకుంది. రెండు వేళ్లతో, మెల్లగా. రాఘవేందర్ కిటికీ వైపు చూశాడు.

"ఒక దినం చెన్నై పోయే ముసలమ్మ నా చెయ్యి వట్టుకొని లేస్తున్నది" అంది మనీషా. ఇప్పుడు గొంతు తగ్గింది. "నా చొక్క చెయ్యి పైకి జరిగింది. చూసి తటాలున వదిలేసింది. కింద వడ్డది. నేనే లేపిన. ఆమె కొడుకు నన్నే తిట్టిండు. ట్రాలీల కాడ వెయ్యకున్రి మేడం. ట్రాలీలకేం తెలుస్తది? మనుషులు నా చెయ్యి వట్టుకుంటేనే నేను బాగైనట్టు. నాకు కుర్చీల డ్యూటీనే కావాలె, నా పాసుతోని, అబద్ధం రాయకుండ. ఆ ఎయిర్‌పోర్టు కట్టిన జాగల మా బాపు జొన్న చేనుండె సార్. గేటు బయట నిలవడి బతిమాలుకునేటంత పరాయిదాన్ని కాదు."

స్వరాజ్యం డబ్బా, చీటీ తన వైపు లాక్కుని, "మీరు కాస్త బయట కూర్చోండి. పై వాళ్లతో మాట్లాడాలి" అంది.

మనీషా బయటికొచ్చింది. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. అనాల్సినవన్నీ అనేసింది. జీవితంలో మొదటిసారి తన చేతుల గురించి తల దించుకోకుండా మాట్లాడింది. గెలిచినా ఓడినా ఈ రోజును మరిచిపోకూడదనుకుంది. తలెత్తి చూస్తే మెట్ల మీద ఆఫియా కూర్చుని ఉంది.

నలభై దాటిన మనిషి, మనీషా అక్క వరసలో ఆపా అని పిలుస్తుంది. నల్ల బురఖా, భుజాన ఎప్పుడూ ఉండే ఎర్ర గోనెసంచీ. మొహం కప్పే నఖాబ్ పైకి తీసి ఉంది. నీళ్లలో చాలాసేపు తడిసినట్టు మొహం పాలిపోయి ఉంది.

"ఆపా! ఫోన్ ఎందుకు లేపలే? దా లోపలికి, లైసెన్సు చూపిద్దువు."

ఆఫియా లేవలేదు. "ఎప్పుడో వచ్చిన. తలుపు కాడనే నిలవడ్డ. అంత విన్న."

"విన్నవా? ఎట్లిచ్చిన జవాబు?"

"మస్తు ఇచ్చినవ్." ఆఫియా ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ఆ నున్నటి ముంజేతిని చూసి చూపు తిప్పుకుంది. "మనీషా, ఆ భరిణెల ఆకు లేదు."

మనీషాకు అర్థం కాలేదు. "అంటే?"

"ఆకు సారం బయట రాష్ట్రం నుంచి వస్తది గదా. దసరాకు ముందే ఆగిపోయింది. ఇక్కడ తనిఖీలు ఎక్కువైనయని పంపేటోడు భయపడ్డడు. కాయితాలన్ని సక్కగున్నా పంపలే. అందరికీ లేదు పొమ్మని చెప్పిన. నీకు చెప్పలేకపోయిన. యాదికున్నదా, ఖాళీ డబ్బ వట్టుకొని నా షెడ్డుల కూసొని ఏడ్చినవ్. దురద తగ్గింది గని పొట్టు పోతలేదు, మళ్ల పగుల్తున్నయి, డ్యూటీకెల్లి తీసేస్తరు ఆపా అని. అల్లా కసమ్, నీ ఏడ్పు చూడలేకపోయిన. మైనం, కొబ్బరినూనె కలిపిన. రంగు రావాలెనని వేపాకు రసం పోసిన. అందుల..."

"అందుల?"

"ట్యూబు పిండిన."

ఏ ట్యూబో మనీషాకు తెలుసు. తెలిసినా అడిగింది.

"నువ్వు ఒట్టేసిన ట్యూబే" అంది ఆఫియా. "నీ ఒక్కదానికే. ఆఖరి రెండు డబ్బలు. సారం వస్తది, వచ్చినంక మళ్ల అసలుదే ఇస్త అనుకున్న. రాలే."

మనీషా తన ముంజేతి వైపు చూసింది. పొద్దున అద్దంలో చూసి మురిసిపోయిన చర్మం, స్వరాజ్యం ముట్టుకున్న చర్మం, రుజువని బల్ల మీద చాచిన చర్మం. దాన్ని గీరి పారేయాలనిపించింది. బాపు మీద వేసిన ఒట్టు ఆమెకు తెలియకుండానే రోజూ పొద్దునా సాయంత్రం చెరిగిపోతూ వచ్చిందన్నమాట. కోపం పొంగుకొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది గానీ, రానివ్వలేదు.

"నా చేతులతోనే నా నోట అబద్ధమాడించినవ్ ఆపా" అంది.

"అవును."

"వాళ్లు గంజాయన్నరు. నేను కాదని కొట్లాడిన. ఊరంత ఉమ్మేసినా ఆ ఆకు కోసం కొట్లాడిన. ఆ ఆకే లేకపాయె?"

"మొదటి డబ్బలల్ల ఉండె. నీ దురద తగ్గించింది అదే. అది అబద్ధం కాదు." ఆఫియా గోనెసంచీని ఒళ్లో బిగించి పట్టుకుంది. "సూడు, నేను చెప్పమననీకె రాలే, చెప్పొద్దననీకె రాలే. భరిణె పరీక్షకు పంపితే గంజాయి దొర్కదు, నువ్వు బతుకుతవ్. స్టెరాయిడ్ దొర్కుతది, నా లైసెన్సు పోతది. మా ఆయన గఫార్ మంచం వట్టినప్పటి సంది ఇల్లు ఆ షెడ్డు మీదనే నడుస్తున్నది. నాతోని పనిచేసే ఆడోల్లకు ఇంకో దిక్కు లేదు. అయినా నీకు తెల్వాలె. తెల్వక నువ్వట్ల గొంతు చించుకుంటుంటే, తలుపవతల నిలవడి వినలేకపోయిన."

మనీషా ఏమీ అనకముందే తలుపు తెరుచుకుంది. రాఘవేందర్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "లోపలికి రా మనీషా. మేడం ఒప్పుకున్నరు. నసీబున్నది నీకు."

ఆఫియా నఖాబ్ దించుకుంది. మనీషా లోపలికి నడిచింది.

పాసు ఇప్పుడు బల్ల ఇవతలి అంచున, ఆమె చేతికందే దూరంలో ఉంది. స్వరాజ్యం చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమె కళ్లలో ఇందాక లేని ఆప్యాయత ఉంది.

"పై వాళ్లను ఒప్పించాను. భరిణెను పరీక్షకు పంపాలని రాఘవేందర్ గారు అన్నారు. నేనే అక్కర్లేదన్నాను. ఉద్యోగం పోతుందన్నా అబద్ధం రాయనన్న మనిషి మీరు. మీ మాటే నాకు చాలు. ఒక్కటే అడుగుతాను. ఈ భరిణెలో ఉన్నది ఈ డబ్బా మీద రాసున్న మందే కదా? వేరే ఏమీ కలవలేదు కదా? అవునని చెప్పి పాసు తీసుకోండి. కుర్చీల డ్యూటీయే ఇస్తాం. పొట్టి చేతులే వేసుకు రండి, ఎవరేమంటారో నేను చూస్తాను."

మనీషా అడిగినవన్నీ స్వరాజ్యం ఇచ్చేసింది. అడగనిది కూడా ఇచ్చింది. బదులుగా కోరింది ఒక్క అవును.

అవునంటే పాసు చేతికొస్తుంది. ఆఫియా షెడ్డు నిలబడుతుంది. కొండమ్మ బోరింగు దగ్గర తల దించుకుంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. రేపో మాపో ఈ పూత ఆగాక చేతులు మళ్లీ పగులుతాయి, అప్పుడు మళ్లీ పొడుగు చేతులు తొడుక్కోవాలి, ఈ సారి ఈ మేడం దగ్గర కూడా దాచాలి. అదొక్కటే. ఆ దాపరికం ఇంకోసారి మనీషా వల్ల కాదు. ఆఫియా మీద కోపం ఇంకా రగులుతూనే ఉంది. ఆ కోపంతో నిజం చెప్పేయడం కూడా ఆమెకు ఇష్టం లేకపోయింది. వెనక నుంచి మనిషిని పొడిచినట్టుంటుంది అది.

చెయ్యి చాచి పాసును స్వరాజ్యం వైపు వెనక్కి జరిపింది. సంచీలోంచి భరిణె తీసి, మూత తెరిచి, బల్ల మధ్యలో పెట్టింది.

"మేడం, ఇందాక ఈ చేతులు చూపెట్టి రుజువన్న. ఆ మాట వాపస్ తీస్కుంటున్న."

"ఏందే?" రాఘవేందర్ కుర్చీలోంచి సగం లేచాడు.

"ఇందుల ఏమున్నదో చెప్త సార్. ఒక్క ముక్క దాచ. గని నేనొక్కదాన్నే చెప్ప. దీన్ని చేసినామె బయట మెట్ల మీదనే ఉన్నది. ఆమెను పిలువున్రి. మంచైనా చెడైనా ఆమె మొఖం మీదనే చెప్త, ఆమె చెప్పుకునేది గూడ మీరు వినాలె. ఎవ్వలను పక్కన వెట్టి ఎవ్వలను కాపాడుకునుడు నా తోని కాదు."

స్వరాజ్యం మొహంలో ఆప్యాయత గడ్డకట్టింది. రాఘవేందర్ గబగబా వెళ్లి తలుపు తీశాడు.

మెట్ల మీద ఎవరూ లేరు.

మనీషా లేచి కిటికీ దగ్గరకు పరుగెత్తింది. కింద రోడ్డు మీద బస్సులు, ఆటోలు, జనం. ఆ జనంలో బస్టాండు వైపు వడివడిగా పోతున్న నల్ల బురఖా, భుజాన ఎర్ర గోనెసంచీ. గగన్‌పహాడ్ వైపు పోయే బస్సు ఒకటి అప్పుడే కదలబోతోంది.

"ఆపా!"

ఎవరెవరో తలెత్తి చూశారు. మనీషా కిటికీ ఊచల మధ్య నుంచి కుడి ముంజేతిని మోచేతి దాకా బయటికి చాచింది. ఎండలో ఆ చెయ్యి అందరికీ కనిపిస్తోంది. కుర్చీలోంచి లేవలేని మనిషి ముందు నిలబడినప్పుడు చాచినట్టే, అడ్డంగా, కదలకుండా చాచి పట్టుకుంది.

"ఆపా, వట్టుకొని లెవ్వు! నేనున్న!"

బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టిన బురఖా అక్కడే ఆగింది. కండక్టరు ఎక్కమని అరుస్తున్నాడు. ఆఫియా ఇంకా వెనక్కి తిరగలేదు.